పొలిమేర రాళ్ల సీమ

హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు మీదుగా దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద కార్తీకం మొదలు సంక్రాంతి దాకా మన బళ్లే బారులు తీరి ఉంటాయి. ఇరుముడి కట్టుకున్న స్వాములు, పళని మొక్కులవాళ్లు, మదురై, రామేశ్వరం చూడబోయే కుటుంబాలు, అందరూ హోసూరు, కృష్ణగిరి దాటి ధర్మపురి మీదుగానే సేలం చేరాలి. వాళ్లలో చాలామందికి ధర్మపురి అంటే ఒక టిఫిన్ హోటలు, ఒక టోల్‌గేటు, ఆ తరవాత తొప్పూరు కనుమలో లారీల వెనక మెల్లగా దిగే దారి. ఆ దారికి పడమటి వైపు నలభై ఆరు కిలోమీటర్లు వెళితే కావేరి బండల మధ్య చీలికలై దూకుతుంది. తూర్పు వైపు వెళితే సిత్తేరి కొండలు. రెంటి నడుమ రాగి, సామ, చింత, మామిడి. వర్షాకాలం వెనకబట్టగానే ఆ చేలల్లోకి ఏనుగులు. ఆ చేల గట్లమీద, ఊరి చివరి చెట్ల కింద, ఎప్పుడో చనిపోయిన వీరుల రాళ్లు.

ఈ జిల్లాను అర్థం చేసుకోవాలంటే ఊళ్లను కాదు, ఊళ్ల పొలిమేరల్ని చూడాలని నేను నమ్ముతాను. అడవి ఎక్కడ ఆగాలి, పొలం ఎక్కడ మొదలవాలి, ఆ గీత గీసే హక్కు ఎవరిది అన్న తగవు ఇక్కడ రెండు వేల ఏళ్లుగా నడుస్తోంది. ఆ తగవులో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో మనుషులున్నారు, ఏనుగులున్నాయి, మన రాజమండ్రి వాడొకరు కూడా ఉన్నారు.

పాలనాపరంగా చూస్తే ఇది కొత్త జిల్లా. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడదీశారు. 2004లో దీన్నుంచి కృష్ణగిరి వేరుపడింది. హోసూరు, డెంకణికోట అడవులు అటు పోయాయి కానీ ఆ సంగతి ఏనుగులకు ఎవరూ చెప్పలేదు. మాట్లాడేది తమిళమే. కావేరికి అవతల కన్నడం. పాలక్కోడు, మారండహళ్లి వైపు ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. భోజనం దగ్గర మాత్రం రాయలసీమ వాళ్లకు ఇది పరాయి చోటు అనిపించదు. అదే రాగి సంగటి, అవే ఉలవలు, అదే చింతపులుసు.

రాయలసీమ ప్రస్తావన వచ్చింది కాబట్టి మన్రోను తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. దత్తమండలాల్లో రైతు చేతికి పట్టా ఇచ్చిన కలెక్టరుగా, మాధవరం, మంత్రాలయం కథల్లోని దొరగా మనకు తెలిసిన థామస్ మన్రో, రెవెన్యూ పని నేర్చుకున్నది అప్పట్లో బారామహల్ అని పిలిచిన ఈ సీమలోనే. టిప్పు సుల్తాను నుంచి 1792లో ఈ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడిగా వచ్చి, ఏడేళ్లు ఇక్కడే పొలాలు కొలిచాడు. ధర్మపురిలో తాను పెంచుకున్న తోటను వదిలి వెళ్లడం ఎంత కష్టంగా ఉందో ఉత్తరాల్లో రాసుకున్నాడు. జమీందారు నడుమ లేకుండా రైతుతోనే సర్కారు లెక్క చూసుకునే పద్ధతికి పాదు పడింది ఇక్కడ. అయితే ఆ కొలతల్లో దున్నే నేలకే లెక్క. దున్నని నేల, కొండ, అడవి, వాటిమీద బతికేవాళ్లు ఆ చిట్టాకు ఎక్కలేదు. ఆ లోటు ఎక్కడికి దారితీసిందో వాచాత్తి అనే ఊరి కథ దగ్గర చెబుతాను.

రాయిగా నిలిచినవాళ్లు

తమిళనాట అక్షరాలు చెక్కిన వీరగల్లులు అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ధర్మపురిలోనూ, దాని పొరుగున ఉన్న చెంగం ప్రాంతంలోనూ. తమిళులు వీటిని నడుకల్ అంటారు. పరాయి దండు పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డం తిరిగి చనిపోయినవాడికి, మందమీద పడ్డ పులితో కలబడి పోయినవాడికి ఊరివాళ్లు రాయి నిలిపేవారు. విల్లో కత్తో పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ మనిషి బొమ్మ. ఒంట్లో దిగిన బాణాలు. పైన వట్టెళుత్తు లిపిలో ఏ రాజు ఏలుబడిలో, ఎన్నో ఏట, ఏ ఊరి మంద కోసం, ఎవడు పడిపోయాడో నాలుగు ముక్కలు. చాలావాటి కాలం పల్లవుల నాటిది. 1970ల మొదట్లో తమిళనాడు పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న ఆర్. నాగస్వామి పూనికతో వీటిని ఊరూరా వెతికి నమోదు చేశారు. ధర్మపురి పట్టణంలోని ప్రభుత్వ మ్యూజియంలో వరుసగా పెట్టిన రాళ్లు కొన్ని. ఇంకా ఎన్నో చేలల్లోనే, పసుపు కుంకుమలతో, గ్రామదేవతల సరసన ఉన్నాయి.

నాకు ఈ రాళ్లలో నచ్చేదేమంటే వీటిమీద రాజు పేరు తేదీ కోసమే. కథ ఒక పశువుల కాపరిది, ఒక కావలివాడిది. పొరుగున తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో మహేంద్రవర్మ పల్లవుడి నాటి రాయి మీద వీరుడి పక్కన ఒక కుక్క కూడా ఉంది. దొంగల్ని ఎదిరించి నిలిచిన ఆ కుక్క పేరు కోవివన్ అని శాసనంలో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక కుక్క పేరు మనకు తెలుసు. దాని కాలంలోని ఎంతమంది సేనాధిపతుల పేర్లు తెలుసు?

తొమ్మిదో శతాబ్దంలో ఈ సీమను ఏలిన నొళంబులు మనకు దగ్గరివాళ్లు. వాళ్ల రాజధాని హేమావతి మడకశిర దగ్గర ఉంది. ధర్మపురి కోట ఆలయాల్లోని నల్లరాతి స్తంభాలను హేమావతి స్తంభాల పక్కన పెట్టి చూస్తే ఒకే చేతి పని అనిపిస్తుంది.

అంతకు ముందు ఈ ఊరి పేరు తగడూరు. సంగమకాలపు దొర అదియమాన్ నెడుమాన్ అంజి ఇక్కడ ఏలాడు. తిన్నవాళ్లకు దీర్ఘాయువు ఇచ్చే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వయారుకు ఇచ్చాడన్న కథ తమిళ పిల్లలందరికీ తెలుసు. కథ సరే, మనిషి నిజంగా ఉన్నాడా అన్న ప్రశ్నకు జవాబు 1981లో తిరుక్కోయిలూరు దగ్గర జంబై గుట్టమీద దొరికింది. అక్కడి తమిళ బ్రాహ్మీ శాసనం అతని పేరును సతియపుత్ర అన్న బిరుదుతో సహా చెబుతోంది. ఆ సతియపుత్రులు ఎవరో తెలియక చరిత్రకారులు చాలాకాలం తలలు పట్టుకున్నారు, ఎందుకంటే అశోకుడి రెండో శిలాశాసనంలో చోళ పాండ్యుల పక్కన వాళ్ల పేరూ ఉంది. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద కూడా ఉంది, మన్రో కన్నుమూసిన పత్తికొండకు పోయే దారిలో. అందులో అశోకుడు చెప్పేది ఈ దేశాలన్నిటా మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మందుమొక్కలు నాటించానని, దారుల పక్కన బావులు తవ్వించానని. మనుషులతో పాటు జంతువులకూ వైద్యం అందాలని రాతిమీద రాయించిన మాట ఈ సీమ పేరుతో కలిసి ఉండడం నాకు చాలా ఇష్టమైన విషయం.

కావేరి ఒడ్డున

హొగెనకల్ పేరు వినకపోయినా తెలుగువాళ్లలో చాలామంది ఆ చోటును చూసే ఉంటారు. రోజా సినిమాలో చిన్ని చిన్ని ఆశ పాటలో కనిపించే జలపాతాల్లో ఇదొకటి. పెన్నాగరం దాటాక దారి అడవిలోకి దిగుతుంది. అక్కడి కార్బొనటైట్ శిలల వయసు దాదాపు 240 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ జాతి రాళ్లలో ప్రపంచంలోనే బాగా పాతవాటిలో ఇవి చేరతాయి. నీరు ఒక్క చోట పడదు. బండల సందుల్లోంచి పాయలు పాయలుగా దూకుతుంది. ఎండాకాలంలో సందులు బయటపడి గోడల్లా నిలబడతాయి. కర్ణాటకలో ఆనకట్టలు నిండి నీళ్లు వదిలారంటే గోడలూ సందులూ ఏమీ కనపడవు, అంతా ఎర్రటి ఉరవడే. ఆ రోజుల్లో స్నానాలూ పడవలూ ఆపేస్తారు.

పడవ అంటే ఇక్కడ పరిసెల్. మన దగ్గర పుట్టి అనేదే. వెదురు బద్దలతో అల్లిన ఏడడుగుల గుండ్రటి బుట్ట, ఒకే తెడ్డు, ఎనిమిది మంది దాకా మనుషులు. చెయ్యి తిరిగినవాళ్లు ఒక రోజులో అల్లేస్తారు. పూర్వం అడుగున ఎద్దు తోలు బిగించేవారు. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పట్ట వేస్తున్నారు. తుంగభద్ర మీద, ఆనెగొంది రేవులో ఇలాంటి తోలు పడవలు గుర్రాలనూ ఎద్దులనూ దాటించడం గురించి పదహారో శతాబ్దంలో విజయనగరం చూడవచ్చిన డొమింగో పాయెస్ రాశాడు. చిన్నప్పుడు పాఠాల్లో మనం ఎస్కిమోలని చదువుకున్న ఇన్యూట్ జనం, చెట్టన్నది మొలవని మంచునేలమీద, సముద్రం కొట్టుకొచ్చిన దుంగలతో చట్రం కట్టి సీల్, వాల్రస్ తోళ్లు కప్పి ఉమియాక్ అనే పడవ చేసుకున్నారు. అక్కడ చెట్టు కరువు, ఇక్కడ బండలు ఎక్కువ. బండకు తగిలితే పలక పడవ పగిలిపోతుంది, వెదురు బుట్ట వంగి పక్కకు జారుకుంటుంది. ఏ నీటిమీద ఏది నిలుస్తుందో ఆ నీటి పక్కన పుట్టినవాళ్లకు తెలుసు. సుడిలో తెడ్డును ఏ వైపు వేస్తే పుట్టి తిరగకుండా ముందుకు పోతుందో చూపించగలిగేది పరిసెల్ వాళ్లే. వాళ్లలో చాలా కుటుంబాలకు చేపల వేట కూడా తోడు. యాత్రికుల కాలం పోతే ఆదాయం పోతుంది, వరదొస్తే వారాల తరబడి చేతులు కట్టుకుని కూర్చోవాలి.

నీటిలో ఉన్న సంపద మాటేమిటంటే, కావేరికే సొంతమైన మూపురపు మహసీర్ చేప ఒకప్పుడు యాభై కిలోలు దాటేది. 2018లో దాన్ని అంతరించిపోయే అంచున ఉన్న జాతుల్లో చేర్చారు. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక నది పైకీ కిందికీ తిరిగే చేపల దారి మూసుకుపోయింది. పైనుంచి వచ్చి పడ్డ పరాయి చేపలు మిగతా పని చేశాయి. నీటికుక్కలు, బురద మొసళ్లు, లీత్ మెత్తపెంకు తాబేళ్లు, ఒడ్డున చెట్లమీద బూడిదరంగు పెద్ద ఉడుతలు, పొదల్లో కొండగొర్రెలు ఇంకా ఉన్నాయి. వీటి కోసమే 2022 నవంబరులో 686 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించారు. 2014లో వచ్చిన కావేరి ఉత్తర అభయారణ్యానికీ, కర్ణాటక వైపు ఉన్న కావేరి అభయారణ్యానికీ ఇది వంతెన. తమిళనాడు ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో దీన్ని నేను ముందు వరుసలో పెడతాను.

ఇదే నీరు ఇప్పుడు జిల్లా ప్రజలు తాగుతున్నారు. ధర్మపురి బావుల్లో, బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్గొండ సంగతి చెప్పనక్కరలేదు. గారపట్టిన పళ్లు, వంగిన ఎముకలు మనకు తెలిసిన కష్టమే. 2008లో శంకుస్థాపన జరిగి, కర్ణాటకతో తగవులు పడి, జపాను అప్పుతో 2013లో మొదలైన హొగెనకల్ తాగునీటి పథకం ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరిని తెచ్చింది. జలపాతం చూడవచ్చినవాళ్లకు కనపడని ఈ గొట్టాలే ఇక్కడి పిల్లల ఎముకలకు కావలి.

అవతలి ఒడ్డు కర్ణాటక. కొద్ది దూరంలో గోపీనాథం, వీరప్పన్ పుట్టిన ఊరు. చందనం కోసం, దంతాల కోసం ఈ రెండు ఒడ్డుల అడవుల్నీ అతను పాడుచేసిన తీరు దేశమంతా చదివింది. 2004 అక్టోబరు 18న అతను చనిపోయింది ఈ ధర్మపురి జిల్లాలోనే, పాప్పారపట్టి దగ్గర. కానీ గోపీనాథంలో నాకు ముఖ్యమైన పేరు అది కాదు. పందిళ్లపల్లి శ్రీనివాస్. 1954లో రాజమండ్రిలో పుట్టి, భారత అటవీ సర్వీసులో చేరి కర్ణాటకలో పనిచేసిన అధికారి. వీరప్పన్‌ను పట్టుకోవాలంటే ముందు వీరప్పన్ ఊరి కష్టం తీరాలని ఆయన నమ్మాడు. ఆ ఊళ్లోనే మకాం పెట్టాడు. మందులిచ్చే చోటు ఏర్పాటు చేశాడు, నీళ్లు తెప్పించాడు, ఇళ్లు కట్టించాడు, మారియమ్మ గుడి లేపాడు. ముఠాలో ఉన్నవాళ్లు కొందరు ఆయన మాట నమ్మి లొంగిపోయారు. ఆయుధం లేకుండా వస్తే తానూ లొంగిపోతానని వీరప్పన్ కబురంపాడు. 1991 నవంబరు 10న శ్రీనివాస్ ఆ మాట మీద అడవిలోకి వెళ్లి హత్యకు గురయ్యాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. గోపీనాథం వాళ్లు మారియమ్మ గుడిలో ఆయన పటం పెట్టుకున్నారు. నదికి ఇవతల వీరగల్లులున్న సీమలో తిరిగి వచ్చినవాళ్లకు ఆ పటం ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. రాజమండ్రిలో ఎంతమందికి ఆయన పేరు తెలుసో అన్నదే నా బాధ.

రాగి పండే వేళ

కుప్పం, పలమనేరు రైతులకు ధర్మపురి పేరు ఇంకో రకంగా తెలియాలి. రెండు వందల ఏళ్లుగా ఏనుగు జాడలేని చిత్తూరు జిల్లాలోకి 1980ల మొదట్లో మందలు వచ్చిపడ్డాయి. అవి వచ్చింది హోసూరు, ధర్మపురి అడవుల నుంచే. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025 మేలో కర్ణాటక మనకు నాలుగు కుంకీ ఏనుగుల్ని, అంటే శిక్షణ పొందినవాటిని, ఇచ్చిన సంగతి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టిన సంగతి ఇటీవలి ముచ్చటే. మన చిత్తూరు తలనొప్పికీ ఇక్కడి తలనొప్పికీ వేరు ఒకటే.

బన్నేరుఘట్ట నుంచి తళి, డెంకణికోట మీదుగా కావేరి దాకా ఏనుగులు నడిచే దారి ఉంది. వానలు వెనకబట్టి రాగి వెన్ను తీసే వేళకు మందలు ఆ దారి వెంట దిగుతాయి. అడవిలో రోజంతా తిరిగితే దొరికే మేత, చేలో ఒక రాత్రిలో దొరుకుతుంది. పైగా రాగిలో సున్నం ఎక్కువ, రుచి ఎక్కువ. ఏనుగుది దొంగతనం కాదు, లెక్క. రైతుదీ లెక్కే. ఎకరం రాగి ఒక్క రాత్రిలో తొక్కుడు పడితే ఆ ఇంట్లో ఏడాది సంగటి పోయినట్టు. మంచె కట్టుకుని, డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి, కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసే మనిషిని ఏనుగుల శత్రువని బొమ్మ గీయడం అన్యాయం.

ఆ కాపలా తప్పుదారి పట్టిన చోటు 2023 మార్చిలో అందరూ చూశారు. మారండహళ్లి దగ్గర ఒక చేను చుట్టూ అక్రమంగా కరెంటు పెట్టిన తీగ తగిలి మూడు పెద్ద ఏనుగులు ఒకే రాత్రి పడిపోయాయి. మందలోని రెండు గున్నలు బతికాయి. తెల్లవారాక కూడా అవి కళేబరాల్ని వదిలి వెళ్లలేదు. అదే నెలలో కంబైనల్లూరు దగ్గర ఇంకో మగ ఏనుగు విద్యుత్ లైను తగిలి చనిపోయింది. పెన్నాగరం వైపు బావిలో పడ్డ పసి గున్నను బయటికి తీశారు కానీ దాని మందతో కలపలేకపోయారు. ది ఎలిఫెంట్ విస్పరర్స్ చిత్రానికి ఆస్కార్ వచ్చిన ఆ రోజుల్లో, అందులో కనిపించిన మావటి బొమ్మన్ సంబరాల్లో లేడు, తల్లి లేని గున్నల పని మీద ధర్మపురి వచ్చి ఉన్నాడు. ముదుమలై తెప్పకాడు శిబిరానికి తీసుకెళ్లిన ఆ పసిది నెల తిరక్కముందే కన్నుమూసింది. తల్లిపాలకు బదులు ఏ పాలు పట్టినా గున్న కడుపు అరిగించుకోవడం కష్టమని మావటీలు ఎప్పుడూ చెప్పే మాటే.

అదే ఏడాది ఫిబ్రవరిలో పాలక్కోడు దగ్గర పంచపల్లి వైపు చేలమీద పడుతున్న మఖ్నా ఏనుగును, అంటే దంతాలు లేని మగదాన్ని, పట్టి ఆనమలై అడవుల్లో వదిలారు. అది కొన్నాళ్లకే కొండ దిగి, పల్లెలు దాటుకుంటూ కోయంబత్తూరు శివార్లకు నడిచి వచ్చింది. మళ్లీ పట్టుకుని మళ్లీ వదలాల్సి వచ్చింది. ఏనుగును లారీ ఎక్కించి దూరం పంపితే తగవు తీరుతుందనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రయాణాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ ఏడాదే తమిళనాడు కరెంటు కంచెల మీద ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నిబంధన మంచిదే. పంట పోయిన వారంలోనే పరిహారం రైతు చేతిలో పడితే దానికి బలం వస్తుంది. పడకపోతే తీగ మళ్లీ మొలుస్తుంది.

వాచాత్తి

తూర్పున హరూరు దాటితే సిత్తేరి కొండలు. అక్కడుండేది మలయాళీలనే గిరిజనులు. కేరళతో సంబంధం లేదు. సేలం సేర్వరాయన్ కొండల్లో, కల్వరాయన్, కొల్లి, జవ్వాది కొండల్లో కూడా ఉన్నది వీళ్లే. తమ పూర్వీకులు ముగ్గురు అన్నదమ్ములనీ, కంచి నుంచి కొండలెక్కారనీ చెప్పుకుంటారు. పెద్దవాడి సంతతి సేర్వరాయన్ మీద, మిగతావాళ్ల సంతతి మిగతా కొండల మీద స్థిరపడ్డారట. సామ, రాగి, కొర్ర వీళ్ల పంటలు. చింతపండు, తేనె, కరక్కాయలు, కుంకుళ్లు అడవి ఇచ్చే అదనం. కొండ వాలులో చిన్న చిన్న మళ్లు చేసి, వాన ఎప్పుడు పడుతుందో గాలినిబట్టి చెప్పి, గింజల్ని తిరగలిలో పొట్టు తీసి వండుకునే బతుకు. ఈ కొండల్లో చందనం చెట్టు కూడా ఉండడమే వీళ్లకు శాపమైంది.

1992 జూన్ 20న అటవీ, పోలీసు, రెవెన్యూ శాఖల సిబ్బంది 269 మంది, చందనం దొంగల్ని పట్టుకుంటామని సిత్తేరి కొండ దిగువన ఉన్న వాచాత్తి మీద పడ్డారు. ఇళ్లు కూల్చారు. గింజలు నేలపాలు చేశారు. పశువుల్ని చంపారు. పద్దెనిమిది మంది స్త్రీల మీద అత్యాచారం చేశారు. ఊరి జనాన్ని, పిల్లలతో సహా, జైలుకు తోలారు. అక్కడ ఏమీ జరగలేదని ప్రభుత్వం వాదించింది. వామపక్ష గిరిజన సంఘం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 1995లో సీబీఐ దర్యాప్తు వేయించింది. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు 269 మందినీ దోషులుగా తేల్చింది. అప్పటికి 54 మంది చనిపోయారు. మిగిలిన 215 మందికి శిక్ష పడింది, వాళ్లలో 17 మందికి అత్యాచారం నేరం కింద. అప్పీళ్ల మీద మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి పి. వేల్మురుగన్ స్వయంగా వాచాత్తి వెళ్లి చూసి, సరిగ్గా పన్నెండేళ్లకు, 2023 సెప్టెంబరు 29న శిక్షలన్నీ ఖాయం చేశారు. బాధిత స్త్రీలు ఒక్కొక్కరికీ పది లక్షల పరిహారం, జీవనోపాధి, నాటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద చర్య తీసుకోమని ఆదేశం. ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ స్త్రీలలో అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు నడివయసుకు వచ్చేశారు. వాళ్లలో ఒక్కరూ వెనక్కి తగ్గకపోవడం వల్లనే ఈ తీర్పు వచ్చింది. వీరగల్లుల సీమలో వాళ్ల పేరు మీద రాయి నిలపాలంటే పద్దెనిమిది నిలపాలి.

అడవిని కాపాడటమంటే అడవిలో ఉన్నవాడిని దొంగగా చూడటమనే నమ్మకం నుంచి వాచాత్తి పుట్టింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది కానీ కోర్టు ఉత్తర్వుల వల్ల తమిళనాడులో పట్టాల పంపిణీ 2016 దాకా కదల్లేదు. ఇంకో దారి లేదా అంటే ఉంది. కెనడా ఉత్తరాన ఇన్యూట్‌లు 1993లో ప్రభుత్వంతో భూమి ఒప్పందం చేసుకున్నారు. 1999లో నునావుట్ అనే సొంత ప్రాంతం ఏర్పడింది. ధ్రువపు ఎలుగులు, కారిబూ దుప్పులు ఎన్నింటిని వేటాడవచ్చో నిర్ణయించే వన్యప్రాణి మండలిలో సగం మందిని ఇన్యూట్ సంఘాలే పంపుతాయి. శాస్త్రజ్ఞుల లెక్క పక్కన వేటగాళ్ల అనుభవం కూడా బల్ల మీదికి వస్తుంది. తగవులు అక్కడా ఉన్నాయి. కానీ కొత్త అభయారణ్యాల నిర్వహణలో పరిసెల్ వాళ్లకూ, ఇరుళ గిరిజనులకూ, మలయాళీలకూ అలాంటి కుర్చీ ఒక్కటైనా వేస్తే ధర్మపురి అడవి ఇప్పటికంటే భద్రంగా ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

సిత్తిలింగి లోయ

వాచాత్తి కథ వింటే గుండె బరువెక్కుతుంది. కానీ అదే కొండల మధ్య, మనసు తేలికపరిచే సిత్తిలింగి లోయ కూడా ఉంది. మలయాళీల ఊళ్లతో పాటు లంబాడీ తాండాలూ ఉన్నాయి. 1993లో రెజీ జార్జ్, లలిత అనే డాక్టర్ల జంట ఇక్కడ ఒక పూరిపాకలో వైద్యం మొదలుపెట్టారు. అప్పుడు దగ్గరి ఆస్పత్రికి నలభై ఎనిమిది కిలోమీటర్లు. ఆపరేషను కావాలంటే వంద దాటాలి. పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో 147 మంది ఏడాది లోపే పోయేవారు. డాక్టర్లు బయటి నర్సుల కోసం చూడలేదు. లోయలోని అమ్మాయిలకే పురుడు పోయడం, రక్తపరీక్షలు, ఆపరేషను థియేటరు పని నేర్పారు. ఊరూరా పెద్దవయసు స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ అన్న ఆ ఆస్పత్రి పెరిగి పెద్దదైంది. పసిపిల్లల మరణాలు ఇరవై దరిదాపులకు దిగాయి. రోగం వచ్చాక మందిస్తే చాలదు, తిండి సరిగా ఉండాలన్న ఆలోచన రైతుల దగ్గరికి నడిపించింది. మందులు వేయని సేద్యానికి లోయ రైతులు సంఘం కట్టుకున్నారు. సామ, రాగి మళ్లీ గౌరవంగా మళ్లలోకి వచ్చాయి.

లంబాడీ కుట్టు కథ ఇంకా బాగుంటుంది. పేటియాలనే లంగాల మీద అద్దాలు, గవ్వలు, రంగుదారాల పని ఈ తాండాల్లో దాదాపు ఆగిపోయింది. చీరలు వచ్చాక పేటియా ఎవరు కడతారు? ఆ కుట్లు చేతిలో ఉన్నది చివరికి ఇద్దరు ముసలమ్మలకే. వాళ్లను కూర్చోబెట్టి, పాత బట్టలు పరిచి, ఒక్కొక్క కుట్టూ పేరుతో సహా పిల్లలకు నేర్పించారు. పోర్గై అన్న సంఘం అలా లేచింది. లంబాడీల భాష గోర్‌బోలిలో ఆ పేరుకు ఆత్మగౌరవమని అర్థం. లోయలో మందులు లేకుండా పండిన పత్తి బట్ట మీద, సహజ రంగుల్లో, తాండా ఆడవాళ్లు కుట్టిన సంచులు, దిండుగలీబులు, చీరలు పట్టణాలకు వెళుతున్నాయి. ఇంటిపని, పొలంపని అయ్యాక ఒక చెట్టు కింద గుంపుగా కూర్చుని కుడతారు. కూలి కోసం తిరుప్పూరు మిల్లులకో కేరళకో పోవాల్సిన అవసరం కొన్ని ఇళ్లకు తప్పింది.

నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం తాండాల్లో కుట్టుకేంద్రాలు నడిపే సంఘాలవాళ్లు ఒక్కసారి ఈ లోయకు వచ్చి చూడాలని నా కోరిక. భాష అడ్డురాదు. మన తాండాల ఆడవాళ్లు మాట్లాడే గోర్‌బోలి ఇక్కడి వాళ్లకు అర్థమవుతుంది. చెన్నై, సేలం రైలు మార్గంలో మొరప్పూరులో దిగితే హరూరు దగ్గర. అక్కడి నుంచి సిత్తిలింగికి బస్సులున్నాయి.